తాబేలు రూలు

ఆదివారం మధ్యాహ్నం మా భోజనాల బల్ల మీద నుంచి కంచాలు లేవగానే పాచికలు దిగుతాయి. మామూలు పాచికలు కావు. ఇరవై ముఖాలున్నది ఒకటుంది, గోలీ కంటే కాస్త పెద్దది. అది దొర్లుతుంటే ఉద్యోగాలు చేసుకునే పెద్దమనుషులు ఊపిరి బిగబట్టి చూస్తారు. కొత్తగా చూసినవాళ్ళకి మా ఇంట్లో అందరికీ ఒకేసారి మతి పోయిందనిపిస్తుంది.

ఆట తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్తాను. ఒకరు కథ నడుపుతారు, ఆయన్ని సూత్రధారి అంటాం. మిగతావాళ్ళం ఆ కథలో తలా ఒక వేషం కట్టుకుంటాం. ఒకరు మంత్రగత్తె, ఒకరు యోధుడు, ఒకరు దేశదిమ్మరి. “కోట తలుపు మూసుంది, కాపలావాడు ఈటె అడ్డం పెట్టాడు, ఏం చేస్తారు?” అని సూత్రధారి అడుగుతాడు. ఏం చేస్తామో నోటితో చెప్పాలి. అయ్యిందో లేదో పాచిక చెప్తుంది. పని ఎంత కష్టమో చూసి సూత్రధారి మనసులో ఒక అంకె అనుకుంటాడు. పాచిక మీద ఆ అంకె గానీ అంతకంటే ఎక్కువ గానీ పడితే పని అయినట్టు, పడకపోతే బోల్తా కొట్టినట్టు. ఇంతే. ఇంతమాత్రం దానికి ఇటుకంత మందాన రూళ్ళ పుస్తకం ఒకటుంది. దాన్ని అట్ట నుంచి అట్ట దాకా చదివింది ఈ ఇంట్లో నేనొక్కదాన్నే.

సూత్రధారి మా ఆయన. కళ్ళద్దాల కొట్టులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో కూర్చోబెట్టడం ఆయన పని. ఎవరి మనసూ నొప్పించలేడు. కొట్టుకొచ్చిన ప్రతి మొహానికీ ఆ ఫ్రేము బ్రహ్మాండంగా ఉందంటాడు. నేను కట్టుడు పళ్ళు చేసే ల్యాబులో పనిచేస్తాను. అక్కడ వెంట్రుకవాసి తేడా వస్తే పెట్టుకున్నవాడి దవడ ఊరుకోదు, కొలతలు పంపిన డాక్టరు అంతకంటే ఊరుకోడు. కాబట్టి నాకు రూలంటే రూలే. ఈ విషయంలో మా ఇద్దరికీ పడదు.

పై వాటాలో ఉండే టీచరమ్మ మూడో మనిషి. వారమంతా చిన్నపిల్లల బడిలో బుజ్జగింపులూ లాలింపులూ చేసి చేసి, ఆదివారం వచ్చేసరికి ఆవిడకి ఎవరినో ఒకర్ని నరకాలనిపిస్తుందట. వేషం యోధురాలు, చేతిలో గొడ్డలి. తలుపు కనిపించినా గొడ్డలే, చెట్టు కనిపించినా గొడ్డలే. మేం ఆవిడని గొడ్డలి టీచరు అంటాం, ఆవిడ మురిసిపోతుంది.

నాలుగోవాడు మా బావ, అక్క మొగుడు. డ్రైవింగ్ బడి నడిపేవాడు. ఊళ్ళో సగంమందికి స్టీరింగు పట్టుకోవడం ఆయనే నేర్పాడు, అందుకే అందరికీ మాస్టారు. కారెక్కినప్పటి నుంచి దిగేదాకా నోరు మూతపడేది కాదు. ఆటలో ఆయన వేషం దేశదిమ్మరి, పేరు వాగుడుకాయ. ఆ పేరు ఎవరూ పెట్టలేదు, తానే పెట్టుకున్నాడు. కోట కాపలావాడి ముందు టీచరు గొడ్డలి ఎత్తేది, నేను మంత్రం వెతికేదాన్ని. బావ మాత్రం వాడి దగ్గరికెళ్ళి, “ఏం బాబూ, నిలబడి నిలబడి మోకాళ్ళు లాగట్లేదూ?” అనేవాడు. కాసేపటికి ఆ కాపలావాడే తలుపు తీసి, జాగ్రత్తగా వెళ్ళిరమ్మని సాగనంపేవాడు.

“మాటలతో ఒప్పించినా పాచిక వెయ్యాల్సిందే. రూలుంది” అని నేను పేచీ పెట్టేదాన్ని.

“అంత చక్కగా మాట్లాడాక పాచికెందుకే?” అనేవాడు మా ఆయన. “మొదటి పేజీలో ఏముందో చూడు. ఈ రూళ్ళు మీ కోసం, మీరు రూళ్ళ కోసం కాదు. మీ బల్లకి పొసగనిది మార్చుకోండి.”

పుస్తకం మొత్తంలో ఆయన చదివింది ఆ ఒక్క పేజీయే.

పోయిన చలికాలంలో బావకి పక్షవాతం వచ్చింది. పొద్దున్నే పళ్ళు తోముకుంటుంటే బ్రష్షు జారిపడింది, వంగి తీసుకోలేకపోయాడు. ఆస్పత్రి నుంచి వచ్చాక కుడికాలు నెమ్మదిగా దారికొచ్చింది, కుడిచెయ్యి సగం దారికొచ్చింది. మాట రాలేదు. మొత్తంగా పోయినా ఒక రకం. పేర్లు మాత్రం మిగిలాయి. నీళ్ళు. తలుపు. చొక్కా. మహా అయితే ఒక పేరు, దాని వెనక తడుముకోవడం. ఒక్కోసారి ఒకటి అనబోతే ఇంకోటి వచ్చేది. దువ్వెన అనబోయి దుప్పటి అనేవాడు. తప్పని ఆయనకి వెంటనే తెలిసిపోయేది. మొహం కందిపోయేది, ఆ పూటకిక నోరు విప్పేవాడు కాదు.

మాట నేర్పే డాక్టరమ్మ అక్కతో చెప్పింది. “పేర్లు ముందు తిరిగొస్తాయమ్మా. వెళ్ళాను, వచ్చాను లాంటివి ఆలస్యం. ఎవరు చేశారన్నది మాట చివర అతుక్కుని ఉంటుంది కదా, ఆ ముక్క పట్టుబడటం కష్టం. నలుగురిలో కూర్చోబెట్టండి. నోరు విప్పే అవకాశం పోనివ్వకండి.”

ఆ రోజు నుంచి అక్కకి అదే యావ. టీ ఇచ్చి, కప్పు ఖాళీ అయ్యాక ఎదురుగా కూర్చునేది.

“టీ తాగారా?”

“టీ” అనేవాడు బావ.

“తాగాను అనండి.”

బావ పెదాలు కదిలేవి. చాలాసేపు కదిలి, “టీ” అనే వచ్చేది.

వంటింట్లో అక్క నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. “నాకు పెద్ద కోరికలేం లేవే. తాగాను, తిన్నాను, ఏదో ఒకటి. ఒక్క ‘ను’ చాలు. ఎక్కడ పోగొట్టుకున్నారే ఈయన ఆ ‘ను’ని?” దాని జడ సర్దుతూ నిలబడ్డాను.

బావని మళ్ళీ బల్ల దగ్గరికి తీసుకురావాలన్నది మా ఆయన ఆలోచన. దానికో రూలు కూడా మార్చాడు. వాగుడుకాయ ఇప్పుడు మాట్లాడక్కర్లేదు. బావ చేత్తో చూపించి పాచిక వేస్తే చాలు, కథలో వాగుడుకాయ ఏం మాట్లాడాడో సూత్రధారే చెప్తాడు. నేను కిక్కురుమనలేదు. మొదటి పేజీలో ఉన్నమాట నిజమే కదా, మనిషి మారినప్పుడు బల్ల మారాలి.

బావ వచ్చాడు. ఎడమచేత్తో పాచిక వేశాడు, గెలిచాడు. మళ్ళీ వేశాడు, మళ్ళీ గెలిచాడు. “కోట!” అన్నాడు. “దొంగ!” అన్నాడు. మిగతా వారమంతా ఇంట్లో గోడకేసి చూస్తూ కూర్చునే మనిషి ఆ బల్ల దగ్గర మాత్రం గొంతెత్తేవాడు. అక్క వంటింటి గుమ్మంలోంచి తొంగిచూసి వెళ్ళేది. ఆదివారం కోసం దానంతగా ఎదురుచూసినవాళ్ళు మాలో ఎవరూ లేరు.

కానీ నేను రూళ్ళ మనిషిని, నా కంటికి కొన్ని తప్పించుకోవు. వంతెన దగ్గర ఒక రాక్షసుడున్నాడు. టీచరుకి పదమూడు పడితే ఆవిణ్ణి ఎత్తి కాలవలో వేశాడు. బావకి నాలుగు పడితే అదే రాక్షసుడు దణ్ణం పెట్టి దారిచ్చాడు. నేను మా ఆయన వైపు చూశాను. సూత్రధారి ముందు మడతపెట్టిన అట్ట ఒకటి నిలబెట్టి ఉంటుంది, ఆయన అంకెలు మాకు కనపడకుండా. మా ఆయన ఆ అట్ట సర్దుతున్నాడు, సర్దాల్సిన అవసరమేం లేకపోయినా. పడ్డ అంకె చూసి, ఆ తర్వాత తన అంకె తగ్గించేస్తున్నాడన్నమాట. అక్క మొహం గుర్తొచ్చి ఊరుకున్నాను.

అలా కొన్ని వారాలు సాగింది. ఒక ఆదివారం డ్రాగన్ గుహకి చేరాం. టీచరు గొడ్డలి విసిరింది, పాచిక కలిసిరాలేదు, గొడ్డలి మంటల్లో కరిగిపోయింది. నా మంత్రం నాకే తగిలింది. బావ పాచిక వేశాడు. ఒకటి పడింది. ఇరవై ముఖాల పాచిక మీద ఒకటంటే ఇక చెప్పేదేం లేదు, మన పని అయిపోయినట్టే. మా ఆయన మళ్ళీ అట్ట సర్దాడు.

“డ్రాగన్‌కి... సరిగ్గా అప్పుడే తుమ్మొచ్చింది. ఆ సందులో వాగుడుకాయ బయటపడ్డాడు.”

టీచరు పకపకా నవ్వింది. “మాస్టారికేం భయమండీ! మాస్టారు మన ఆటలో అరటిపండు కదా!”

ఆవిడ మనసులో ఏ కల్మషమూ లేదు. ఆవిడ బడిలో రోజూ ఎవడో ఒక బుడతడు అరటిపండు అవుతాడు. వాణ్ణి ముట్టుకున్నా వాడు అవుట్ కాడు, వాడు ముట్టుకున్నా ఎవరూ అవుట్ కారు. వాడు సాయంత్రం దాకా అందరితోపాటు పరిగెత్తి, ఆడాననుకుని సంతోషంగా ఇంటికి పోతాడు. ఆవిడకి అది ముద్దుమాట. చిన్నప్పుడు అందరం ఎప్పుడో ఒకప్పుడు అరటిపళ్ళమే. అది మనకి తెలిసిన రోజు మాత్రం ఏడుస్తాం.

బావ పాచిక వైపు చూశాడు. ఒకటి ఇంకా పైకే ఉంది. బల్ల అంచు పట్టుకుని లేచాడు. ఆయన నడక ఇప్పుడు నెమ్మది, గుమ్మం దాటడానికి చాలాసేపు పట్టింది. అంతసేపూ ఒక్కరం కూడా కుర్చీలోంచి కదల్లేదు. తర్వాత టీచరు ఏడుపు మొహంతో, “నేనేమన్నానండీ? మా బడిలో అంటాం కదా అనేశాను” అంది.

మరుసటి వారం బావ రాలేదు. ఆపై వారమూ రాలేదు. అక్క మాత్రం వచ్చి గుమ్మంలోనే నిలబడి దులిపేసింది.

“ఉన్న ఒక్క చోటూ చెడగొట్టారు. అక్కడ నాలుగు మాటలైనా వచ్చేవి, ఇప్పుడు పేర్లు కూడా మానేశారు. నీళ్ళు కావాలన్నా చెంబు చూపిస్తున్నారు. డాక్టరమ్మ ఏమందో తెలుసా? ఇలాగే మూగనోము పడితే ఉన్నవి కూడా పోతాయంది.”

అది వెళ్ళాక నేను మా ఆయన మీద పడ్డాను. “మీరు దొంగ అంకెలు వెయ్యబట్టే కదా ఇదంతా!”

“రూలు మార్చొచ్చని పుస్తకమే చెప్తుంటే?”

“మార్చడం వేరు, ఎత్తెయ్యడం వేరు. మార్చిన రూలుకి ఆయన కూడా లోబడాలి కదా.”

“ఆయన ఓడిపోతే నువ్వు చూడగలవా?” అన్నాడు మా ఆయన. ఆయన కళ్ళల్లో నీళ్ళు చూసి నా కోపం సగం చల్లారింది. బావ దగ్గర కారు నేర్చుకుని, ఆయన చలవతోనే మొదటి ఉద్యోగం డ్రైవరుగా సంపాదించుకున్న మనిషి మా ఆయన. అన్నయ్యా అని ఊరికే పిలవడు.

మర్నాడు సాయంత్రం అక్క వాళ్ళింటికి వెళ్ళాను. బావ కిటికీ దగ్గర ఉన్నాడు. నన్ను చూసి మొహం తిప్పుకోలేదు, అదే పదివేలు అనుకున్నాను. కాసేపు నన్నే చూసి, లేచి, గోడకి చెయ్యి చాపి, “తాబేలు” అన్నాడు. గోడకి తాళంచెవులు వేలాడుతున్నాయి.

అక్క ఆదుర్దాగా వచ్చింది. “తాబేలు కాదండీ, తాళం. అనండి. తా... ళం...”

బావ మొహం కందింది. చెయ్యి దించేశాడు. మళ్ళీ మూసుకుపోతాడని నాకు భయమేసింది. గబుక్కున ఆ తాళంచెవులు తీసి, “పద బావా, తాబేలు నా దగ్గరుంది” అన్నాను. వేళాకోళమాడుతున్నానని కోప్పడబోయాడు. అంతలోనే మూతి ఓ పక్కకి కదిలింది. అది నవ్వే. ఇంటి వెనక షెడ్డు దాకా నేను తాబేలు ఊపుకుంటూ నడిచాను, దాంతోనే తలుపు తీశాను.

లోపల డ్రైవింగ్ బడి కారుంది, దుమ్ము కొట్టుకుపోయి. దానికి రెండు బ్రేకులు. నేర్చుకునేవాడి కాళ్ళ దగ్గర ఒకటి, పక్కన కూర్చునే మాస్టారి కాళ్ళ దగ్గర ఇంకొకటి. బావ నెమ్మదిగా నేర్చుకునేవాడి సీట్లో కూర్చున్నాడు. నన్ను మాస్టారి సీట్లో కూర్చోమని చూపించాడు. ఇంజను ముట్టుకోలేదు.

“బ్రేకు” అన్నాడు.

నేను నా వైపు బ్రేకు తొక్కాను. ఆయన వైపు బ్రేకు, ఎవరూ తొక్కకుండానే, దానంతటదే కిందికి పోయింది. బావ దాన్ని వేలితో చూపించాడు. తర్వాత తన కాలు దాని మీద ఆనించి కళ్ళు మూసుకున్నాడు. నేను పిల్లిలా, చప్పుడు కాకుండా, గోరంత తొక్కాను. ఆయన వేలు లేచింది. మళ్ళీ ఇంకా తక్కువ తొక్కాను. మళ్ళీ వేలు లేచింది. ఎంత నాజూకుగా తొక్కినా ఆ వేలు లేవకుండా ఉండలేదు.

“తమ్ముడు” అన్నాడు కళ్ళు తెరిచి. మా ఆయన్ని ఆయన అలాగే పిలుస్తాడు. “తమ్ముడు. కాలు.”

అప్పుడర్థమైంది నాకు. బావకి ఈ సంగతి టీచరు నోరుజారిన రోజు తెలిసింది కాదు. మొదటి ఆదివారం, మొదటి పాచికకే తెలుసు. జీవితమంతా పక్క సీట్లో కూర్చుని పక్కవాడికి తెలియకుండా బ్రేకు తొక్కిన మనిషికి, పక్క నుంచి ఎవరో తొక్కుతుంటే తెలియకుండా ఉంటుందా? కొత్తవాడికి మొదట్లో తొక్కాలి, అది తప్పు కాదు, అందుకే ఊరుకున్నాడు. కాలు తీస్తాడు, ఇవాళ తీస్తాడు, వచ్చేవారం తీస్తాడు అని చూస్తూ వచ్చాడు. తియ్యలేదు.

బావ బడిలో ఒక పద్ధతి ఉండేది. నేర్చుకునేవాళ్ళకి చెయ్యి కుదిరిందనుకున్న రోజు, ఖాళీ మైదానంలోకి తీసుకెళ్ళి, చెప్పులు విప్పి, రెండు కాళ్ళూ సీటు మీదికి లాక్కుని బాసింపట్టు వేసుకుని కూర్చునేవాడు. ఇక ఆయన కాలు బ్రేకుకి అందదు. ఆయన నోరు మూసుకునేదీ ఆ ఒక్కరోజే. నా వంతు వచ్చిన రోజు నేను తిన్నగా వెళ్ళి ఒక డ్రమ్ముని గుద్దాను. బావ దిగి, బంపరు సొట్ట చూసి, “ఇది నీదే, నాకు వాటా లేదు” అన్నాడు. నాకు ఏడుపూ వచ్చింది, గర్వమూ వచ్చింది. ఆ సొట్ట ఇప్పటికీ ఉంది. షెడ్డులోంచి బయటికొస్తూ బావ దాన్ని తట్టి నా వైపు చూశాడు.

ఆ వారమంతా పని చేస్తున్నానన్న మాటేగానీ బుర్ర బల్ల దగ్గరే ఉంది. అంతలో ఒక పళ్ళసెట్టు వెనక్కొచ్చింది. పెట్టుకున్న పెద్దావిడకి నొప్పిగా ఉందట, ఎవరో అరగదీశారు. ఇంకా నొప్పి అంటే ఇంకా అరగదీశారు. చివరికి పై పన్ను కింది పన్నుకి ఆనకుండా పోయింది. నొప్పి సుబ్బరంగా తగ్గింది. కానీ ఏమీ నమలలేకపోతోంది. దాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఆవిడ నోటికి తగ్గట్టు మార్చాల్సిందే, ఇంకొకరి నోటి కొలత ఆవిడకి పనికిరాదు. కానీ ఎంత మార్చినా పన్ను పన్నుకి తగలాలి. తగలని పన్ను ఎందుకు?

ఆదివారం నేనే వెళ్ళి అక్కనీ బావనీ తీసుకొచ్చాను. బావ రానంటే రానని కుర్చీ పట్టుకున్నాడు. “ఇవాళ నువ్వు ఓడిపోయే వీలుంది” అని చెవిలో చెప్పాను. అప్పుడు లేచాడు.

బల్ల దగ్గర ముందు అట్ట తీసి మూలన పడేశాను. మా ఆయన, తన చొక్కా ఎవరో విప్పేసినట్టు ముడుచుకుపోయాడు. “కొత్త రూలు వినండి” అన్నాను. “డ్రాగన్ శాపం పెట్టింది. వాగుడుకాయ నోట్లోంచి ఏ మాట ఊడిపడితే ఆ వస్తువు అక్కడ ప్రత్యక్షమవుతుంది. ఏది వస్తే అదే మాట, తప్పు మాట అంటూ లేదు. ఎవరూ దిద్దకూడదు, ఎవరూ అందించకూడదు. అక్కా, నువ్వు కూడా. వచ్చిన వస్తువు మనకి ఉపయోగపడుతుందా, మన నెత్తిన పడుతుందా అన్నది పాచిక చెప్తుంది. అంకె ముందే అందరి ఎదుటా చెప్పాలి, తర్వాత మార్చకూడదు.”

“ఇది పుస్తకంలో ఉందా?” అన్నాడు మా ఆయన అనుమానంగా.

“మొదటి పేజీలో ఉంది” అన్నాను.

కథలో మేం ఒక లోతైన గోతిలో పడి ఉన్నాం. బావ వంతు వచ్చింది. పైకి చూపిస్తున్నాడు, తాడు కావాలన్నమాట. పెదాలు కదిలాయి. “తా... తాత” అన్నాడు. అని, కళ్ళు మూసుకున్నాడు. మొహం కందడం మొదలైంది.

“తాత!” అని అరిచింది టీచరు. “గోతిలోకి తాతెక్కణ్ణుంచి వచ్చాడండీ!”

“పది రావాలి” అన్నాడు మా ఆయన. పద్నాలుగు పడింది. “తాతగారు ఈ గోతిలో పుట్టి పెరిగిన మనిషి. పైకి దారి ఆయనకే తెలుసు. రండి నాయనా అని ముందు నడిచాడు.”

బావ కళ్ళు తెరిచాడు. టీచరు కొత్త గొడ్డలి దించి తాతకి చెయ్యి అందిస్తోంది. నేను తాతకి ఎన్నేళ్ళుంటాయో రూళ్ళ పుస్తకంలో వెతుకుతున్నాను. బావ భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడు, చప్పుడు బయటికొచ్చేలా నవ్వుతున్నాడు.

ఆ తర్వాత ఆయన నోటికి అడ్డు లేకుండా పోయింది. గోతిలోంచి పైకొస్తే నది. పడవ అనబోయి “పడక” అన్నాడు. మంచం ఒకటి పరుపుతో సహా నీళ్ళలో తేలింది, ముగ్గురం ఎక్కాం. మొసలి వస్తే “అల్మరా” అన్నాడు. అది మా నెత్తినే పడింది, టీచరు చెయ్యి విరిగింది. ఆవిడ, “మాస్టారూ, మీకో దణ్ణం!” అని మొత్తుకుంది. బావ ఏమాత్రం జాలి పడలేదు. కొన్ని మాటలు కావాలనే అంటున్నాడేమోనని నాకు అనుమానం వచ్చింది, కానీ దానికి రూలు లేదు.

నది మధ్యలో సుడిగుండం. మంచం గిర్రున తిరుగుతోంది. అంచున కూర్చున్నది వాగుడుకాయ. బావ నా వైపు చూశాడు. ఏ తడుముకోవడమూ లేకుండా, స్పష్టంగా, “తాబేలు” అన్నాడు.

“పన్నెండు రావాలి” అన్నాడు మా ఆయన. “వస్తే తాబేలు మంచాన్ని వీపు మీద ఒడ్డుకి మోస్తుంది. రాకపోతే మంచం బోల్తా. అంచున ఉన్నవాళ్ళు...” ఆగాడు. “పోతారు.”

బావ పాచిక వేశాడు. దొర్లి దొర్లి నా గ్లాసుకి తగిలి ఆగింది. మూడు.

మా పెళ్ళి కాకముందు నుంచీ ఆ వాగుడుకాయ మాతో ఉన్నాడు. ఎన్ని కోటలు మాట్లాడి దాటించాడో లెక్కలేదు. మా ఆయన మొహం పాలిపోయింది. చేతులు అలవాటుగా అట్ట కోసం తడిమాయి, అట్ట లేదు.

“అంటే... ఆ తాబేలు పక్కనే... ఒక కొమ్మ లాంటిది...”

బావ ఎడమచేత్తో బల్ల మీద కొట్టాడు. “కాలు!”

టీచరు కంగారుగా బల్ల కిందికి వంగి చూసింది. “కాలికేమైంది మాస్టారూ?”

మా ఆయన మాత్రం అలాగే ఉండిపోయాడు. ఆయన కూడా ఆ కార్లోనే నేర్చుకున్నాడు. కాసేపటికి చెప్పులు విడిచాడు. ఒక కాలు, తర్వాత ఇంకో కాలు కుర్చీ మీదికి లాక్కుని బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

“తాబేలు మునిగిపోయింది. మంచం బోల్తా పడింది. వాగుడుకాయ మీ ఇద్దరినీ ఒడ్డుకేసి తోశాడు, తను సుడిలో పడ్డాడు.” బావ కళ్ళల్లోకి చూశాడు. “మళ్ళీ పైకి రాలేదు అన్నయ్యా.”

టీచరు ముక్కు చీదుకుంది. బావ పాచిక వంకే చూస్తున్నాడు. పెదాలు కదులుతున్నాయి. ఏం అనబోతున్నాడో మాకు తెలుస్తోంది, నాలుక చివర దాకా వచ్చింది మా అందరికీ. దిద్దకూడదు, అందించకూడదు. గ్లాసు గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.

“ఓడి...” అన్నాడు బావ. ఊపిరి తీసుకున్నాడు. “ఓడిపోయాను.”

టీ కప్పుల ట్రేతో వస్తున్న అక్క గుమ్మంలో ఆగిపోయింది. “ఏమన్నారు?”

దానికి అర్థం కాలేదనుకున్నాడో ఏమో, బావ పాచికని వేలితో చూపించి, కాస్త విసుగ్గా, ఇందాకటి కంటే గట్టిగా అన్నాడు.

“ఓడిపోయాను.”

అక్క ట్రే దించడం మర్చిపోయి అలాగే నిలబడింది. చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. మా ఆయన బాసింపట్టు విప్పలేదు. బావ అందరి మొహాలూ ఒకసారి చూసి, ఇందులో ఇంత ఏడవడానికేముందన్నట్టు, నా ముందుకి చెయ్యి చాపాడు. రూలు ప్రకారం ఓడిపోయినవాళ్ళకి కొత్త వేషం రాసుకోవడానికి ఖాళీ కాగితం ఇవ్వాలి. ఇచ్చాను.